గోడత్త మొహం

మా అత్త మొహంలో కళ్లు, ముక్కు, నోరు అన్నీ ఉండాల్సిన చోటే ఉంటాయి. కానీ ఆ మొహం వెనక ఏం జరుగుతోందో కనిపెట్టిన మనిషి మా వంశంలో ఇంతవరకు పుట్టలేదు. శుభవార్త మోసుకొచ్చినవాళ్లూ, చావు కబురు తెచ్చినవాళ్లూ ఆమె దగ్గర ఒకే మొహం చూసి వెళ్లేవారు. చిన్నప్పుడు మేం పిల్లలమంతా కలిసి ఆమెకు గోడత్త అని పేరు పెట్టాం. ఆ పేరు ఎదురుగా అనే ధైర్యం నాకొక్కదానికే ఉండేది, ఎందుకంటే నేను ఆమె దగ్గరే పెరిగాను. నాకు ఊహ తెలియకముందే మా అమ్మ పోయింది. నాన్న లారీ డ్రైవరు. నెలలో సగం రోజులు రోడ్డు మీదుండే మనిషి చంటిపిల్లనేం పెంచుతాడు? తీసుకొచ్చి తన అక్క చేతిలో పెట్టాడు.

నాన్న చెప్పేవాడు, చిన్నప్పుడు మీ అత్త నవ్వితే వీధి చివరిదాకా వినపడేదని. నేను నమ్మేదాన్ని కాదు. ఉద్యోగంలో చేరాకే ఆ నవ్వుకి తాళం పడిందట.

ఆ ఉద్యోగమేమిటో చెప్పకపోతే ముందుకు నడవదు. పేదవాళ్ల బడుల్లో మెరికల్లాంటి పిల్లలు ఎవరి కంటా పడకుండా పోతున్నారని, వాళ్లని వెతికి చేయిపట్టి పైకి తేవాలని ఒక పెద్దసారు పరిశోధన కేంద్రం పెట్టాడు. ఏటా బడులకు మనుషుల్ని పంపి, పిల్లల్ని ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, తెలివి పరీక్ష పెట్టించేవాడు. బాగా చేసినవాళ్లకి కేంద్రం నడిపే ప్రత్యేకమైన బడిలో సీటు. తిండి, బస, పుస్తకాలు, ఆ తర్వాత ఎంత పెద్ద చదువైనా సరే, అంతా వాళ్లే చూసుకునేవారు. పరీక్ష మాత్రం ఒక్కసారే. తప్పితే తప్పినట్టే. ఒకసారి చూసిన ప్రశ్న రెండోసారి ఇస్తే తెలిసేది తెలివి కాదు, జ్ఞాపకం అని పెద్దసారు అనేవాడు.

అత్త ఆ పరీక్షలు పెట్టే మనిషి. ఆమెకొక గోధుమరంగు పెట్టె ఉండేది. అందులో బొమ్మల అట్టలు, సెకన్లు కొలిచే గడియారం, ఎరుపూ తెలుపూ రంగులేసిన చెక్క దిమ్మలు. అట్ట మీద ఒక నమూనా ఉంటుంది. దిమ్మల్ని అచ్చం అలాగే పేర్చాలి. పేర్చాక "అయింది" అనాలి. అన్నప్పుడు గానీ, గడువు దాటినప్పుడు గానీ, బల్ల మీద ఏముంటే దానికే మార్కు. పెట్టె తీసుకుని వెళ్లేటప్పుడు అత్త ఎప్పుడూ ఒకే బూడిదరంగు కోటు వేసుకునేది. రంగురంగుల బట్టలు కడితే పిల్లల చూపు వాటి మీదికి పోతుందట. ఇక మొహం సంగతి సరేసరి. తలూపకూడదు, నవ్వకూడదు, కనుబొమ్మ ఎత్తకూడదు, "బాగుంది" అనే మాట ఛస్తే అనకూడదు.

"ఒక్కసారి బాగుంది అన్నామనుకో, తర్వాతి బొమ్మకి ఆ పిల్లకి ఊపొస్తుంది. ఆ తర్వాత కూర్చునే పిల్లకి ఆ ఊపు ఎవరిస్తారే? అన్యాయం కదా." అని ఆమె వాదన. ఆ మాట ఆమె మనసులోంచే వచ్చేది. తన మొహం ఎవరి వైపూ మొగ్గకూడదని పట్టుబట్టి అద్దం ముందు కూర్చుని సాధన చేసింది. అద్దం చాలక నన్ను కూర్చోబెట్టింది. కొత్త దిమ్మలు, కొత్త అట్టలు వచ్చినప్పుడల్లా చేయి తిరగడానికి నా మీదే ప్రయోగం. అందువల్ల నేను ఆ పరీక్షకి పనికిరాకుండా పోయాను. ఆ కేంద్రంలో నాలాంటివాళ్లని చెడిన పిల్లలంటారు. ప్రశ్నలన్నీ ముందే చూసినవాళ్లన్నమాట. ఎలా చేశానో అత్త ఒక్కనాడూ చెప్పలేదు. ఎలా చేశానని అడిగితే "పెట్టెలో సర్దు" అనేది.

ఆ ధోరణి ఇంట్లో కూడా అంతే. వంట చేసి ఎలా ఉందత్తా అంటే "తింటున్నాగా" అనేది. పొద్దున్నే ఓ గౌను వేసుకుని ఆమె ముందు నిలబడేదాన్ని. ఆ మొహం చూసి లోపలికి పోయి ఇంకోటి వేసుకొచ్చేదాన్ని. అదీ మార్చేదాన్ని. బడికి ఆలస్యమయ్యేది. "ఈ పిల్లకి నిలకడ లేదురా" అని నాన్నతో చెప్పేది. కుట్టుపని సగంలో మానేశాను, టైపు సగంలో మానేశాను, కాలేజీ ముగించకుండానే బయటికొచ్చాను. ప్రతిసారీ అదే తీర్పు. నిలకడ లేదు. చివరికి ఒక పళ్ల డాక్టరు దగ్గర చీటీలు రాసే పనిలో కుదురుకున్నాను. అక్కడ పొద్దస్తమానం జనం నోళ్లు తెరుస్తారు, ఇంటికొస్తే ఎవరూ తెరవరు అని డాక్టరుగారితో చెప్పి నవ్వుకునేదాన్ని.

అయినా అత్తంటే నాకు ప్రాణం. జ్వరమొస్తే ఆ గోడే నా మంచం పక్కన కూర్చునేది. చలికాలం నా చెప్పులు పొయ్యి దగ్గర వెచ్చబెట్టి గుమ్మంలో పెట్టేది. అడిగితే తనకేమీ తెలియనట్టు చూసేది.

ఆమె పదవీ విరమణ ఏడాది జరిగిన సంగతి ఇది. మార్కెట్టు వెనకున్న బడిలో ఆఖరి పరీక్షలు ముగించుకుని ఓ సాయంత్రం ఇంటికొచ్చింది. బడి సంగతులు ఇంట్లో ఎత్తదు, అది ఆమె పెట్టుకున్న గీత. ఆ రోజు మాత్రం కోటు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడింది.

"ఒక పిల్ల వచ్చిందే. ఇస్త్రీ దుకాణం వాళ్ల పిల్లట. మాటలు, లెక్కలు, బొమ్మలు, అన్నీ చకచకా చేసింది. దిమ్మల దగ్గరికొచ్చేసరికి కడుతుంది, పడగొడుతుంది. కడుతుంది, పడగొడుతుంది. గడువు దాటిపోయింది. నిలకడ లేదు."

"సరిగ్గా కట్టి పడగొట్టిందా, తప్పు కట్టి పడగొట్టిందా?"

అత్తకి పిల్లల సంగతులు చెప్పకూడదని అప్పుడు గుర్తొచ్చినట్టుంది, లేచి కోటు విప్పింది. నేను కదిపి చూశాను, లాభం లేకపోయింది.

ఆ వారం చివర్లో ఆ బడి లెక్కల టీచరు మా ఇంటికొచ్చింది. సన్నగా, ముక్కు మీద కోపంతో, నాకు నచ్చే రకం మనిషి. దిమ్మల మార్కుల వల్ల ఇస్త్రీ దుకాణం పిల్లకి సీటు తప్పిందని ఆమెకి అప్పుడే తెలిసింది. సీట్లొచ్చినవాళ్ల జాబితా మీద పెద్దసారు సంతకం పడటానికి ఇంకా కొద్ది రోజులుంది.

"నా సర్వీసులో అలాంటి పిల్లని చూడలేదండీ" అంది టీచరు. "నేను బోర్డు మీద లెక్క ముగించేలోపు జవాబు చెప్తుంది. ఈ సీటు రాకపోతే వాళ్లమ్మ వచ్చే ఏడు బడి మానిపించి దుకాణంలో కూర్చోబెడుతుంది. ఆవిడ తప్పు కూడా లేదు, ఒంటరి మనిషి."

"టీచర్లందరూ అలాగే అంటారు" అంది అత్త. "ప్రతి టీచరుకీ తన పిల్లే గొప్ప. అందుకే కదా పరీక్ష పెట్టింది."

టీచరు మొహం ఎర్రబడింది. టీ సగం తాగి లేచి వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండింది. నోరు మూసుకుని ఊరుకునే రకాన్ని కాను కదా. "పోనీ వెళ్లి ఆ పిల్లని ఒక్కసారి చూడొచ్చు కదా" అన్నాను. "చూశాను. గంటసేపు చూశాను" అంది. పట్టిన పట్టు విడవదు. సరే, ఈవిడ వెళ్లకపోతే ఈవిడ కోటు వెళ్తుంది అనుకుని, మర్నాడు ఆ బూడిదరంగు కోటు తీసుకెళ్లి ఆ దుకాణంలో ఇస్త్రీకిచ్చాను. ఆదివారం అత్తని కూరగాయలకని బయల్దేరదీసి, దారిలో కోటు తీసుకోవాలి రమ్మని లాక్కెళ్లాను. ఆ పిల్ల మందమతి కాదని అత్త కంటితో చూడాలన్నదే నా ఉద్దేశం, అంతకుమించి నాకే పథకమూ లేదు.

దుకాణం అంటే ఒక గది. సగం గదికి బల్ల, బల్ల వెనక ఆవిరి, ఆవిరిలో వాళ్లమ్మ. అరల నిండా కాగితాలు చుట్టిన బట్టలు. ముందు ఎత్తుపీట మీద ఆ పిల్ల కూర్చుని ఉంది. రెండు జడలు, పెద్ద కళ్లు. అత్తని గుర్తుపట్టి పీట దిగి నిలబడింది. నా చీటీ చూడకుండానే కోటు తీసి, కాగితం విప్పి, అత్త చేతుల్లో పెట్టి మొహంలోకి చూసింది.

అత్త కోటు చూసింది. కాలరు, చేతులు, గుండీలు. మొహం మామూలు మొహమే, మా గోడత్త మొహం.

రెండు క్షణాలైనా కాలేదు. ఆ పిల్ల కోటు అత్త చేతుల్లోంచి మెల్లిగా వెనక్కి తీసుకుంది. "మళ్లీ చేయిస్తానమ్మా. కాసేపు కూర్చోండి" అంది.

"ఎందుకు తీసుకున్నావ్?" అంది అత్త.

"మీకు నచ్చలేదు కదమ్మా."

"నేనేమీ అనలేదే."

"అనలేదు. మొహం చూశాను." ఆ పిల్ల ఆ మాట చాలా మర్యాదగా అంది. "కొంతమంది అరుస్తారమ్మా. అరిచేదాకా ఉంటే అమ్మకి కష్టం. ముందే తీసేసుకుంటే అరవరు."

కోటులో ఒక్క ముడత లేదు. నేను చూశాను, కొత్తదానిలా ఉంది. వెనకనుంచి వాళ్లమ్మ "ఏమైందే" అని కేకేసింది. "ఏం లేదమ్మా, ఇంకోసారి" అంది పిల్ల, అప్పటికే కోటు మడత విప్పేస్తూ. అత్త బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఆమెకి కళ్లు తిరుగుతున్నాయేమోనని భయపడి నేను చెయ్యి పట్టుకున్నాను.

కూరగాయలు కొనలేదు. నేరుగా ఇంటికొచ్చేశాం. గుమ్మంలో చెప్పులు విప్పుతూ అత్త అంది.

"సరిగ్గా కట్టి పడగొట్టిందే. నువ్వడిగావు కదా. మొదటి నమూనా సరిగ్గా కట్టింది, నా మొహం చూసింది, పడగొట్టింది. రెండోది అంతే. అన్నీ అంతే. నేను చూస్తూనే ఉన్నాను. అయింది అనలేదు కాబట్టి సున్నా వేశాను."

మర్నాడు పెద్దసారు దగ్గరికి వెళ్తూ నన్నూ రమ్మంది. ఎందుకు రమ్మందో నాకు తెలుసు, ఆమెకి భయం వేసింది. మొహంలో లేదు గానీ మెట్లెక్కేటప్పుడు నా భుజం మీద చెయ్యేసింది. ఎప్పుడూ వెయ్యదు.

పెద్దసారు తెల్లజుట్టు మనిషి, మంచివాడే, గది నిండా కాగితాలు. కేంద్రం బీరువాలో మరో దిమ్మల పెట్టె ఉంటుంది, వేరే నమూనాలతో. పరీక్ష పెట్టినవాళ్ల పొరపాటు వల్ల పరీక్ష చెడితేనే ఆ పెట్టె తెరుస్తారు. చెడిందని పెట్టినవాళ్లే ఒప్పుకుని సంతకం చెయ్యాలి. మిగతావాళ్లవి ఎన్నో చెడ్డాయి. అత్తది ఒక్కటి కూడా చెడలేదు. కొత్తగా చేరినవాళ్లకి పరీక్ష ఎలా పెట్టాలో చూపించడానికి అత్త వెనకే పంపేవారు.

"పరీక్ష చెడింది సార్. చెడగొట్టింది నేనే" అంది అత్త.

"గడియారం ఆగిందా? అట్ట తారుమారైందా?"

"లేదు సార్. నా మొహం వల్ల."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అమ్మా, నీ మొహం వల్ల పరీక్ష చెడటమేంటి? నీ అంత నియమంగా కూర్చునే మనిషి ఈ కేంద్రంలో లేరు. రిటైరయ్యే ముందు ఇదేంటి?"

"నియమంగానే కూర్చున్నాను సార్. అదే చెప్తున్నాను. పెద్దవాళ్ల మొహం చూసి ఇంట్లో దినం గడుపుకునే పిల్లలుంటారు. నవ్వని మొహం వాళ్లకి గోడ కాదు సార్, కోపం. కోపం చూశాక వాళ్లు కట్టింది ఉంచరు." కాస్త ఆగి, ఇంకో మాట అంది. "పేద పిల్లలు దిమ్మల దగ్గర వెనకబడతారని మీరు వ్యాసం రాశారు కదా. అందులో సగం పరీక్షలు నేను పెట్టినవే. ఆ వెనకబాటు పిల్లలది కాదేమో సార్. నాదేమో."

ఆ వ్యాసం ఆయన కష్టార్జితం, ఆయనకి పేరు తెచ్చింది కూడా అదే. కోపమొస్తుందనుకున్నాను. రాలేదు. కిటికీ వైపు చూస్తూ "అది తేల్చాలంటే ఏళ్లు పడుతుందమ్మా" అన్నాడు. "పడనివ్వండి సార్. ఈ పిల్లకి మాత్రం ఈ వారమే" అంది అత్త. సంతకం చేసింది. బీరువా తాళం తీయించారు.

రెండో పరీక్ష వేరే మనిషే పెట్టాలి. నవ్వులసారు అని ఒకతను ఉన్నాడు, కొత్తగా చేరిన కుర్రాడు, మొహం నిండా నవ్వే. పరీక్ష పెట్టడానికొచ్చాడో పెళ్లిభోజనానికొచ్చాడో తెలియదని అత్త ఎప్పుడూ విసుక్కునేది. అతనికే అప్పగించారు. అయినా దిమ్మల ముందు అతను కూడా మొహం బిగించుకోవాల్సిందే కదా. అందుకని, పరీక్ష మొదలుకాకముందు పిల్లతో రెండు మాటలు చెప్పనివ్వమని అత్త అడిగింది. పెద్దసారు ఒప్పుకున్నాడు.

గది బయట బెంచీ మీద నేను, అత్త, ఆ పిల్ల, వాళ్లమ్మ. వాళ్లమ్మ అరచేతులు ఒళ్లో పెట్టుకుని, దుకాణం మూసేసి వచ్చిన కంగారులో కూర్చుంది. అత్త ఆ పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఆ మోకాళ్లకి అది అంత తేలికైన పని కాదు.

"లోపలున్న సారు నవ్వడు. కోపముండి కాదు. నువ్వు బాగా చేసినా అలాగే ఉంటాడు, చెయ్యకపోయినా అలాగే ఉంటాడు. అందరికీ ఒకేలా ఉండాలని మాకొక నియమం. అందుకని మా మొహం చూడకు. అట్ట చూడు, దిమ్మలు చూడు. సరిపోయిందని నీకనిపిస్తే అయింది అను. మాకు నచ్చిందా లేదా అని చూడొద్దు."

పిల్ల కాసేపు ఆలోచించింది. "మరి ఆరోజు మీకు కోపం రాలేదా?"

"రాలేదమ్మా."

"అయితే నేను మొదట కట్టినవి?"

అత్త నోరు తెరిచి మూసేసింది. పరీక్షకి ముందు అది చెప్పకూడదు. "బయటికొచ్చాక చెప్తాను" అంది.

తలుపు మూసుకుంది. లోపల్నుంచి చెక్క మీద చెక్క తగిలే చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. చప్పుడు ఆగినప్పుడల్లా అత్త వేళ్లు బిగుసుకునేవి. పడగొడుతోందా, ఆగిందా? ఆ తర్వాత సన్నగా "అయింది" అని వినపడేది. అత్త ఊపిరి వదిలేది. వాళ్లమ్మ ఆమెని చూసి "మీ పిల్లేమో అన్నట్టున్నారే అమ్మా" అంది.

తలుపు తెరుచుకుంది. ముందు నవ్వులసారు వచ్చాడు, ఇంతసేపు బిగబట్టిన నవ్వంతా వదిలేసుకుంటూ. వెనక పిల్ల. సూటిగా అత్త దగ్గరికొచ్చి నిలబడింది. ఇప్పటి పరీక్ష ఎలా చేసిందో ఆ పిల్లకి అక్కర్లేదు.

"ఇప్పుడు చెప్పండి."

"సరిగ్గా కట్టావు" అంది అత్త. "ఆరోజు ప్రతిసారీ నువ్వు మొదట కట్టిందే సరైంది."

పిల్ల తలూపి వాళ్లమ్మ చెయ్యి పట్టుకుంది. "చెప్పానా అమ్మా" అంది.

జాబితా వచ్చిన రోజు లెక్కల టీచరు మళ్లీ మా ఇంటికొచ్చింది. ఈసారి టీ మొత్తం తాగింది. పిల్లకి సీటొచ్చింది. బొటాబొటీగా కాదు, జాబితాలో మొదటి వరసలోనే. వచ్చే ఏడు నుంచి పరీక్షకి ముందు ప్రతి పిల్లకీ అత్త మాటలే చెప్పాలని, ఇదివరకటి ఏళ్ల మార్కులతో పోల్చి చూడాలని పెద్దసారు కొత్త పరిశోధన మొదలుపెట్టాడు. టీచరు వెళ్లిపోయాక నేను గిన్నెలు కడుగుతూ ఏదో పాట తీశాను. నాకు పండగలా ఉంది. వెనక్కి తిరిగి చూస్తే అత్త కుర్చీలో అలాగే కూర్చుని ఉంది.

"ఏంటత్తా, ఇవాళ కూడా అదే మొహమా? నవ్వినా పరీక్ష చెడదులే ఇక."

"ఎంతమందే?" అంది. "ఈ పిల్ల సంగతంటే తెలిసింది. ఇన్నేళ్లలో ఎంతమంది కట్టి పడగొట్టారో."

నేను చేతులు తుడుచుకుని వచ్చి పక్కన కూర్చున్నాను. ఊరడించడానికి అబద్ధం చెప్తే ఆమె ఒప్పుకునే మనిషి కాదు.

"నువ్వూ పడగొట్టేదానివి" అంది అత్త.

"నేనా?"

"చిన్నప్పుడు. ఈ బల్ల మీదే. కట్టేదానివి, నా వైపు చూసేదానివి, పడగొట్టేదానివి. నీకు నిలకడ లేదనుకున్నాను. అందరికీ అదే చెప్పాను."

నాకు కోపం రావాలి, నిజానికి వచ్చింది కూడా. గౌన్లు, కుట్టుపని, టైపు, కాలేజీ అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. అయినా ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది. ఎన్నో ఏళ్లనుంచి ఉంది.

"ఎలా కట్టేదాన్నత్తా?"

"బాగా కట్టేదానివే" అంది. "చాలా బాగా కట్టేదానివి."

ఆ మాట అన్నప్పుడు అత్త మొహం ఎలా ఉందో నాకు తెలియదు. నేను అటు చూడలేదు.